పిడి తిప్పే ఆర్గన్: పాఠకుల ప్రశ్నలు, మాస్టారి సమాధానాలు

గత సంచికలో చేతితో తిప్పే ఆర్గన్‌ను పరిచయం చేసిన తరువాత గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం, పర్లాకిమిడి నుండి ఉత్తరాలు వచ్చాయి. ఆ వ్యాసం చదవనివారి కోసం ఒక్క మాట. ఇది ఒక పెట్టె. పిడిని తిప్పితే లోపలి తిత్తులు గాలిని కొడతాయి, అదే తిప్పుడుతో చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట ఒక పట్టీ మీదుగా జరుగుతుంది. కాగితంలోని చిల్లు పట్టీలోని రంధ్రం మీదికి వచ్చినప్పుడు గాలి ఆ గొట్టంలోకి పోయి స్వరం పలుకుతుంది. ఉత్తరాలలో ఎక్కువ భాగం యంత్రభాగాల గురించే ఉన్నందున ఈసారి గొట్టాల జోలికి పోకుండా వాటికే స్థలం కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నేను వడ్రంగం చేస్తాను, హార్మోనియంలు కూడా బాగుచేస్తాను. 20 స్వరాల ఆర్గన్ కోసం గొట్టాలన్నీ ముందే చేసి పెట్టుకున్నాను. ఇప్పుడు తిత్తులు రెండు పెట్టాలా, మూడు పెట్టాలా? ఏ కొలతలతో చేయాలి? పిడి తిప్పడం బరువుగా ఉంటుందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: గొట్టాలు ముందే చేయడం తప్పు కాదు కాని, వాటి పెదవులను, అంటే గాలి తగిలి స్వరం పుట్టే నోటి అంచులను, ఇప్పుడే తుది రూపానికి చెక్కివేయకండి. గొట్టం ఏ పీడనం మీద వాయించబడుతుందో ఆ పీడనం మీదనే దానిని పలికించి సరిచేయాలి. పీడనం పెరిగితే శ్రుతి పైకి పోతుంది, తగ్గితే కిందికి జారుతుంది. అందుచేత ముందుగా గాలి యంత్రం పూర్తి కావాలి, అది నిలకడగా పనిచేయాలి, ఆ తరువాతనే శ్రుతి.

హార్మోనియం తెలిసినవారు కనుక తిత్తి పని మీకు కొత్త కాదు. తేడా ఏమిటంటే, హార్మోనియంలో చేయి తిత్తిని తోచినట్లు నొక్కుతుంది, ఇక్కడ పిడితో తిరిగే మెలికల ఇరుసు, అంటే క్రాంకు కడ్డీ, ప్రతి చుట్టుకూ ఒకే కొలతన నొక్కుతుంది. ఒక లెక్క చూడండి. తిత్తి పలక 30 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉండి, ఒక కొసన మడతబందు, రెండవ కొస 6 సెంటీమీటర్లు తెరుచుకుంటుందనుకుందాం. తెరిచిన ఆకారం చీలిక వంటిది కనుక దాని పరిమాణం పూర్తి పెట్టెలో సగం, అంటే 1,350 ఘన సెంటీమీటర్లు. మడతలు కొంత తినివేస్తాయి కాబట్టి ఒక్కొక్క తిత్తి చుట్టుకు సుమారు లీటరుంబావు గాలి ఇస్తుందని పెట్టుకోండి. రెండు తిత్తులు, నిమిషానికి 60 చుట్లు అయితే నిమిషానికి 150 లీటర్లు వస్తుంది. మీ గొట్టాలకు ఇది సరిపోతుందో లేదో కాగితం మీద తేలదు. అతి పెద్ద గొట్టాలు నాలుగైదింటిని ఒకేసారి పలికిస్తూ పిడి తిప్పి, పంపు తిత్తులు కొట్టిన గాలిని దాచి అందించే నిల్వ తిత్తి పైపలక కిందికి దిగిపోకుండా నిలుస్తున్నదో లేదో చూడటమే అసలు పరీక్ష.

బరువు గురించిన భయం కూడా లెక్కతో తీరుతుంది. ఈ రకం ఆర్గన్‌కు 150 మిల్లీమీటర్ల నీటి పీడనం పెట్టుకోవచ్చు. అంటే చదరపు సెంటీమీటరుకు 15 గ్రాములు. పలక వైశాల్యం 450 చదరపు సెంటీమీటర్లు కనుక మొత్తం ఒత్తిడి 6.75 కిలోలు. అందులో సగం మడతబందు మోస్తుంది, కదిలే కొసన మిగిలేది 3.4 కిలోలు. క్రాంకు చేయి 3 సెంటీమీటర్లు, పిడి చేయి 15 సెంటీమీటర్లు అయితే మీ చేతికి తగిలేది అందులో ఐదవ వంతు, సుమారు 700 గ్రాములు. బిగుతైన బేరింగులు, ఒరుసుకునే కడ్డీలు దీనికి తోడైనప్పుడే చేయి నొప్పి పుడుతుంది. కనుక బరువుగా తిరిగే ఆర్గన్‌లో తప్పు గాలిది కాదు, అమరికది. పిడి కోసం పాత సైకిలు ఎడమ పెడలు చేయిని దానిని ఇరుసుకు బిగించే కాటర్ పిన్నుతో సహా వాడవచ్చు.

రెండా మూడా అన్నది నిజంగా ఆలోచించవలసిన విషయం. రెండు తిత్తులను ఎదురెదురుగా, అంటే సగం చుట్టు తేడాతో, అమర్చితే ఒకటి మూసుకుని రెండవది మొదలుపెట్టే క్షణంలో గాలి ప్రవాహం చుట్టుకు రెండుసార్లు సున్నాకు పడుతుంది. మూడింటిని మూడవ వంతు చుట్టు తేడాతో అమర్చితే ప్రవాహం ఎన్నడూ ఆగదు, గరిష్ఠం నుండి 13 శాతానికి మించి తగ్గదు. వినడానికి మూడే మేలనిపిస్తుంది. కాని మూడు మెలికల క్రాంకును ఇంటివద్ద సరిగా చేయడం తొలిసారి చేసేవారికి చాలా కష్టం. ఆ కష్టాన్ని నిల్వ తిత్తి మీద పెట్టండి. రెండు పంపు తిత్తులు, వాటిపైన విశాలమైన నిల్వ తిత్తి ఒకటి ఉంటే ఆ రెండు ఖాళీలూ చెవికి తెలియవు.

నిల్వ తిత్తిని బరువుతో నొక్కాలని చూడకండి. 600 చదరపు సెంటీమీటర్ల పలకకు ఈ పీడనం రావాలంటే 9 కిలోల బరువు కావాలి, పెట్టె మోయలేనిదవుతుంది. స్ప్రింగులు వాడండి. పొట్టి, గట్టి స్ప్రింగు కాకుండా పొడవైన, మెత్తని స్ప్రింగును బాగా సాగదీసి బిగిస్తే, పలక పైకి కిందికి ఆడినా బలంలో వచ్చే మార్పు స్వల్పంగా ఉంటుంది, పీడనం నిలకడగా ఉంటుంది. పలక పై హద్దుకు చేరినప్పుడు ఒక దారం బిగిసి చిన్న మూతను తెరిచే ఏర్పాటు తప్పక ఉండాలి. అది లేకపోతే పిడి కొద్దిగా వేగం అందుకోగానే అతుకులు విడిపోతాయి.

పీడనం కొలవడానికి కొనవలసింది ఏమీ లేదు. పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని గుర్రపు లాడం ఆకారంలో పలకకు కట్టి, సగం వరకు నీరు పోసి, ఒక కొసను ఆర్గన్ గొట్టాలకు గాలినిచ్చే గాలిపెట్టెకు తగిలించండి. రెండు వైపుల నీటి మట్టాల మధ్య తేడాయే పీడనం.

ప్రశ్న: నేను లేతు షాపులో పనిచేస్తున్నాను. క్రాంకు కడ్డీని నేనే వెల్డింగు చేయించి బిగించాను. కాని ప్రతి చుట్టులో ఒకే చోట పిడి పట్టేస్తున్నది. నూనె వేసినా తేడా లేదు. కారణం ఏమై ఉంటుంది?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఒకే చోట పట్టేస్తున్నదంటే నూనెతో తీరే లోపం కాదు. ముందు క్రాంకును తిత్తులకు కలిపే కనెక్టింగు రాడ్లు రెండింటినీ విప్పి కడ్డీని ఒంటరిగా తిప్పి చూడండి. అప్పుడూ పట్టేస్తే కడ్డీ వంగి ఉంది, లేదా బేరింగు దిమ్మెలు ఒకే గీత మీద లేవు. ఒక చివరి దిమ్మె మరలను వదులు చేసి నెమ్మదిగా తిప్పండి. దిమ్మె చుట్టుకు ఒకసారి అటూ ఇటూ ఊగితే కడ్డీ వంకర. ఊగకుండా ఒక పక్కకు జరిగి అక్కడే నిలిచి, కడ్డీ తేలికగా తిరిగితే దిమ్మె స్థానం తప్పు, అది నిలిచిన చోటనే బిగించండి.

ఈ లోపం నాకూ ఎదురయింది. మా ఊరిలో ఒక దుకాణంలో నేను చేయించిన మొదటి క్రాంకు చూడటానికి ఎంతో గట్టిగా ఉండేది. వెల్డింగు వేడికి రెండు మిల్లీమీటర్ల మేర వంగిన సంగతి దానిని తిత్తులకు తగిలించిన తరువాత గాని తెలియలేదు. ఆ పెట్టె అడుగు భాగాన్ని పూర్తిగా విప్పి మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది. అప్పటినుండి నేను వెల్డింగు లేకుండా ఈ పద్ధతినే పాటిస్తున్నాను.

12 మిల్లీమీటర్ల తిన్నని మెరుపు కడ్డీ తీసుకోండి. 10 మిల్లీమీటర్ల మందం, 25 మిల్లీమీటర్ల వెడల్పు గల ఇనుప పట్టీ నుండి నాలుగు ముక్కలు కోసి, నాలుగింటినీ ఒకదానిపై ఒకటి పేర్చి బిగించి, 30 మిల్లీమీటర్ల దూరంలో రెండు రంధ్రాలు ఒకేసారి తొలచండి. విడివిడిగా తొలిస్తే ఆ దూరాలలో వెంట్రుకవాసి తేడా వచ్చినా మెలిక పిన్ను అసలు కడ్డీకి సమాంతరంగా ఉండదు. ఇప్పుడు అసలు కడ్డీని ముక్కలు చేయకుండా, ఒకే పొడవుగా నాలుగు పట్టీలలోనుండి దూర్చండి. రెండేసి పట్టీల మధ్య మెలిక పిన్నులను పెట్టండి. మొదటి జత ఒక పక్కకు, రెండవ జత సరిగ్గా ఎదురు పక్కకు చూడాలి. ప్రతి కూడలిలోనూ అడ్డంగా 3 మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి గట్టి పిన్ను కొట్టండి. అన్నీ బిగిసిన తరువాత మాత్రమే ప్రతి జత పట్టీల మధ్యనున్న అసలు కడ్డీ ముక్కను రంపంతో కోసి తీసివేయాలి. మొదట ఒకే కడ్డీగా ఉన్నది కనుక ముక్కలైన తరువాత కూడా అన్నీ ఒకే గీత మీద నిలుస్తాయి.

ఒక జాగ్రత్త. మెలిక పిన్నుల మీద బాల్ బేరింగులు కావాలంటే పట్టీలు బిగించక ముందే తొడగాలి, ఆ తరువాత దారి ఉండదు. 12 మిల్లీమీటర్ల కడ్డీకి 6201 నంబరు బేరింగు సరిపోతుంది. దాని బయటి వ్యాసం 32, వెడల్పు 10 మిల్లీమీటర్లు. రెండు పక్కలా మూతలున్న రకం తీసుకుంటే రంపపు పొట్టు లోపలికి పోదు. బేరింగు ఖర్చు వద్దనుకుంటే కనెక్టింగు రాడ్ తలను రెండుగా చీల్చి, లోపల మందపాటి తోలు పరిచి, బోల్టులతో పిన్ను మీద మూయండి. తోలు అరిగినప్పుడు బోల్టులు అర చుట్టు బిగిస్తే చాలు. తిత్తి వైపు కొసన ఇనుప కీలు వద్దు. తోలు పట్టీనే కీలుగా వాడండి. అది ఎన్నడూ కిర్రుమనదు.

రాడ్లు విప్పినప్పుడు కడ్డీ హాయిగా తిరిగి, తగిలించగానే పట్టేస్తే లోపం మరొకచోట ఉంది. తిత్తి మడతబందు గీత క్రాంకు కడ్డీకి సమాంతరంగా ఉండాలి. అది ఒక పక్కకు వాలితే కదిలే పలక ప్రతి చుట్టుకూ మెలి తిరగడానికి ప్రయత్నిస్తుంది, తిరగలేక రాడ్‌ను పక్కకు నెడుతుంది. పెట్టె రెండు పక్కలా కడ్డీ నుండి మడతబందు వరకు కొలబద్దతో కొలిచి చూడండి.

ప్రశ్న: కళాశాలలో చదువుతున్నాను. మా బృందం చేసిన ఆర్గన్‌లో పాట మొదట బాగానే ఉండి చివరికి వచ్చేసరికి పరుగెత్తుతున్నది. కాగితం కూడా ఒక పక్కకు జరిగిపోయి పక్క స్వరాలు కలిసి పలుకుతున్నాయి. పిడి మాత్రం ఒకే వేగంతో తిప్పుతున్నాము.
– ఒక విద్యార్థి, జయపురం

జవాబు: మీ చేయి నిజంగానే ఒకే వేగంతో తిరుగుతున్నది. తేడా చుట్టలో ఉంది. కాగితాన్ని లాగేది చుట్టుకునే రీలు కదా, కాగితం చేరేకొద్దీ దాని వ్యాసం పెరుగుతుంది, ఒక్కొక్క చుట్టుకు లాగే పొడవు కూడా పెరుగుతుంది. రీలు మధ్య దిమ్మె 50 మిల్లీమీటర్లు, కాగితం మందం 0.1 మిల్లీమీటరు, పొడవు 10 మీటర్లు అయితే చివరికి రీలు వ్యాసం 61 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే పాట చివర 23 శాతం వేగం ఎక్కువ. అదే దిమ్మె 80 మిల్లీమీటర్లు ఉంటే పెరుగుదల 10 శాతానికి లోపలే ఆగుతుంది. కనుక దిమ్మెను లావుగా చేయండి. మిగిలిన కొద్ది తేడాను చిల్లులు పొడిచేటప్పుడే సరిచేయవచ్చు. పాట సాగేకొద్దీ తాళానికి తాళానికి మధ్య దూరాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ గీసుకుంటే చాలు.

80 మిల్లీమీటర్ల దిమ్మె చుట్టుకొలత 251 మిల్లీమీటర్లు. క్రాంకు ఆరు చుట్లు తిరిగితే రీలు ఒక చుట్టు తిరిగేటట్లు, క్రాంకు మీద 20 మిల్లీమీటర్ల కప్పీ, రీలు మీద 120 మిల్లీమీటర్ల చక్రం పెట్టండి. పిడి నిమిషానికి 60 చుట్లు తిరిగితే కాగితం నిమిషానికి రెండున్నర మీటర్లు జరుగుతుంది, 10 మీటర్ల పాట నాలుగు నిమిషాల లోపల ముగుస్తుంది. బెల్టుగా కాలితో తొక్కే కుట్టుమిషను గుండ్రని తోలు బెల్టు కంటే మంచిది నాకు కనబడలేదు. పళ్ళచక్రాలు వద్దని నా సలహా. కాగితం ఎక్కడైనా చిక్కుకుంటే బెల్టు జారి ఊరుకుంటుంది, పళ్ళచక్రం కాగితాన్ని చింపివేస్తుంది. బెల్టు కొద్దిగా జారినా సంగీతానికి నష్టం లేదు, ఎందుకంటే స్వరాలన్నీ ఒకే కాగితం మీద ఉన్నాయి, అన్నీ కలిసే జరుగుతాయి.

ఇక పక్కకు జరగడం. విప్పుకునే రీలు, రంధ్రాల పట్టీ, చుట్టుకునే రీలు, ఈ మూడూ సమాంతరంగా ఉంటే కాగితం తనంతట తాను తిన్నగా నడుస్తుంది. రీలు అంచు బిళ్ళలు కాగితాన్ని కాపాడటానికే గాని తోయడానికి కాదు. వాటితో తోయిస్తే అంచు నలిగి వారంలో చుట్ట పాడవుతుంది. విప్పుకునే రీలు ఇరుసు మీద చిన్న ఊలు గుడ్డ ముక్కను స్ప్రింగుతో ఆనించి కాస్త ఒరుపు కల్పించండి. కాగితం వదులుగా వేలాడితే పట్టీ మీద అదిమి కూర్చోదు, గాలి పక్క రంధ్రాలలోకి పాకుతుంది.

20 స్వరాల ఆర్గన్లకు 110 మిల్లీమీటర్ల వెడల్పు చుట్టలు వాడుకలో ఉన్నాయి. రెండు అంచులా 5 మిల్లీమీటర్లు వదిలితే స్వరానికి 5 మిల్లీమీటర్ల చోటు వస్తుంది. కాగితం తేమకు పొడవులో కంటే అడ్డంలో ఎక్కువ సాగుతుంది. ఒక్క శాతం సాగినా 1.1 మిల్లీమీటర్లు. కనుక చిల్లు వెడల్పు, పట్టీ రంధ్రం వెడల్పు రెండూ సమానంగా ఉండరాదు. పట్టీ రంధ్రాన్ని కొంచెం సన్నగా ఉంచితే ఆ జారుడును అది భరిస్తుంది. రాయగడ పక్కనే జేకేపూర్‌లో 1962 నుండి కాగితపు మిల్లు నడుస్తున్న ప్రాంతం మనది, కాగితానికి కొరత లేదు. కాని విడి షీట్లను అతికించకుండా పొడవాటి చుట్ట నుండే కోయించుకోండి, అతుకు పట్టీ మీద దాటిన ప్రతిసారీ ఊపిరి వదిలినట్లు శబ్దం వస్తుంది.

ప్రశ్న: వర్షాకాలంలో మా నాన్నగారి హార్మోనియం తిత్తి అతుకులు ఊడిపోతుంటాయి. ఆర్గన్ తిత్తులకూ ఇదే గతి పడుతుందా? తోలు, జిగురు ఏవి వాడాలి?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, సముద్రపు గాలి తగిలే ఊరిలో ఇది సహజమే. వేడిచేసి పూసే సరేసు జిగురు తేమకు మెత్తబడుతుంది. కాని దానికి ఒక గొప్ప గుణం ఉన్నది, మళ్ళీ వేడి తగిలిస్తే చెక్క చెడకుండా తోలు ఊడివస్తుంది. అందుచేత చెక్కకు చెక్క అతికే చోట తెల్లని ఫెవికాల్ వాడి, ఎప్పటికైనా మార్చవలసిన తోలు రెప్పల దగ్గర మాత్రం సరేసు వాడటం నా అలవాటు. వానాకాలంలో పెట్టెను గోడకు ఆనించకుండా, నేల మీద కాకుండా బల్ల మీద ఉంచండి.

గాలిని ఒక వైపే పోనిచ్చే రెప్పలకు మెత్తని గొర్రె తోలు తీసుకుని, నూగు ఉన్న లోపలి ముఖం చెక్క వైపు ఉండేటట్లు బిగించండి. నున్నని ముఖం కంటే అది రంధ్రాన్ని బాగా మూస్తుంది. రెప్పను మరీ లాగి బిగిస్తే తెరుచుకోదు, మరీ వదిలితే ఆలస్యంగా మూసుకుని టపటపమంటుంది. పలకలకు మంచి ప్లైవుడ్, చట్రానికి గుమ్మడి టేకు మన ప్రాంతంలో దొరికేవాటిలో మేలైనవి. గుమ్మడి టేకు తేలికైనది, తేమకు పెద్దగా వంగదు. అసలు టేకు అందమైనదే కాని దానిలోని నూనె జిగురును సరిగా పట్టనివ్వదు, అతికే ముందు ఆ ముఖాన్ని గరుకు కాగితంతో అప్పుడే రుద్ది ఉండాలి.

అన్నీ అతికిన తరువాత గాలి బయటకు పోయే దారులన్నీ మూసి, నిల్వ తిత్తిని నింపి, పైపలక పూర్తిగా దిగడానికి ఎంత సేపు పడుతున్నదో గడియారం చూడండి. అర నిమిషమైనా నిలవకపోతే నేను ఆ తిత్తిని పెట్టెలో బిగించను. ఊదువత్తి పొగను అతుకుల వెంట నడిపితే ఎక్కడ కదిలితే అక్కడే చిల్లు.

ప్రశ్న: ఇటువంటి యంత్రం మన దేశంలో పూర్వం ఎక్కడైనా ఉండేదా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: టిప్పు సుల్తాన్ పులి బొమ్మ దీనికి దగ్గరి చుట్టం. 1799లో శ్రీరంగపట్నం పతనమైనప్పుడు దొరికిన ఆ చెక్కబొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది. పక్కనున్న పిడిని తిప్పితే లోపలి తిత్తులు ఆడి పులి గుర్రుమంటుంది, దాని కింద పడిన మనిషి మూలుగుతాడు. పులి పక్క తలుపు తెరిస్తే 18 మెట్ల చిన్న ఆర్గన్ కూడా కనబడుతుంది. కాని దానిని వేళ్ళతో వాయించాలి, చిల్లుల కాగితం లేదు. పిడికి పట్టుగా మీ ఊరి కొమ్ము పనివారి చేత ఒక గుండు చేయించుకుంటే బాగుంటుందని మీరు వ్రాసిన సూచన నాకు ఎంతో నచ్చింది. కొమ్ము చెమటకు ఉబ్బదు, చేతికి వెచ్చగా ఉంటుంది. లోపల ఇత్తడి గొట్టం తొడిగి, గుండు తనంతట తాను తిరిగేటట్లు చేయించండి. లేకపోతే అరచేయి బొబ్బలెక్కుతుంది.

ప్రశ్న: పిడికి బదులు చిన్న మోటారు బిగించవచ్చా?
– మరొక పాఠకుడు, రాయగడ

జవాబు: పరీక్షలకు బిగించండి. నిమిషానికి 60 చుట్లు తిరిగే గేరు మోటారుతో గంటసేపు నడిపితే ఏ బేరింగు వేడెక్కుతున్నదో, ఏ రెప్ప అలసిపోతున్నదో తేలుతుంది. పాటకు మాత్రం చేయి కావాలి. పల్లవి చివర చేయి కాస్త నెమ్మదిస్తే కాగితం నెమ్మదిస్తుంది, పాట సాగుతుంది. తిత్తులు కూడా నెమ్మదించినా నిల్వ తిత్తిలోని గాలి ఆ రెండు మూడు క్షణాలు శ్రుతిని కిందికి పోనివ్వదు. ఒక్క పిడితో రెండు పనులు చేయించే ఈ యంత్రంలో నిల్వ తిత్తిని విశాలంగా చేయమని పైన అంతగా చెప్పింది ఇందుకే. మోటారు బిగించిన రోజులలో పిడిని కాటర్ పిన్ను తీసి పక్కన పెట్టండి, బెల్టు సర్దబోయినప్పుడు తిరుగుతున్న పిడి మణికట్టుకు తగిలితే గట్టి దెబ్బ తగులుతుంది.